కనకమ్మ వంత

కనకమ్మకు ఒక అలవాటుంది. ఎదుటివాళ్లు ఏం చెప్పినా ఆ మాట చివరను పట్టుకుని తిరిగి అనేస్తుంది. "ఆరో అంతస్తు అద్దాలు తుడవాలె" అని సూపర్‌వైజర్ ఓంకార్ అంటే "తుడవాలె" అంటుంది. "మీటింగ్ రూము పదింటికల్లా ఖాళీ కావాలె" అంటే "కావాలె" అంటుంది. రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనున్న ఆ అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్‌కు ముప్పై మంది ఉన్నారు. వాళ్లందరిలో చెప్పింది చెవిన వేసుకునే మనిషి ఈమె ఒక్కతేనని ఓంకార్ గట్టి నమ్మకం. పాపం, అతనికేం తెలుసు! సగం సార్లు ఆమె వినను కూడా వినదు. నోరు దాని పని అది చేసుకుపోతుంది.

ఇరవై రెండేళ్లు వంత పాడిన నోరది.

వంత అంటే ఏమిటో ఈ రోజుల్లో విడమరిచి చెప్పాల్సి వస్తోంది. కథకుడు తంబుర భుజాన వేసుకుని ఒక చరణం పాడతాడు. దాని చివరి మాటను వంత పాడే మనిషి అందుకుని సాగదీస్తుంది. ఆ సాగదీతలో కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు, ముందు చరణం యాది చేసుకుంటాడు. అంతటితో అయిపోదు. కథలో పెళ్లి జరిగితే పేరంటాళ్లందరూ వంతే. రాజు చస్తే గుండెలు బాదుకునే ఊరంతా వంతే. "అయ్యో, అట్లనా? మరి ఆ తర్వాత?" అని వినేవాళ్ల తరఫున అడిగేదీ వంతే. ఇంత చాకిరీ చేయించుకుని జనం తీరా లేచి పోతూ "నర్సింహ కథ బాగ చెప్పిండు" అంటారు. వంత బాగుందని అన్నవాడు ఒక్కడూ లేడు. ఉప్పు సరిగ్గా పడిన కూరలో ఉప్పు గురించి ఎవరు మాట్లాడతారు?

నర్సింహ కనకమ్మ భర్త. వాళ్ల ఇళ్లలో కథకుడి పెళ్లామే వంత. పెళ్లైన నెలకే అత్త మల్లమ్మ గుమ్మెటను, ఆ మట్టి డోలును, కోడలి చంకకు తగిలించి కూర్చోబెట్టింది. "ఆయనకంటె ముందు నడువద్దు. ఎనుకకు పడద్దు. ఆయన ఇడిసిన మాట కింద పడకముందే పట్టుకోవాలె. నీ సొంతం మాట మాత్రం తేవద్దు, సమజైందా?" అంది. "సమజైంది" అంది కనకమ్మ. మల్లమ్మ ముసిముసిగా నవ్వుకుంది, పిల్లకు వంత అప్పుడే వచ్చేసిందని.

ఆ వంతే నాలుగేళ్ల కిందట కొంప ముంచింది.

సిద్దిపేట దిక్కు ఏదో ఊళ్లో కథ చెప్పి బస్సులో తిరిగి వస్తున్నారు. పదకొండు మంది విన్నారు, వాళ్లలో ఏడుగురు ఫోన్లు చూసుకుంటూ విన్నారు. కిటికీ పక్కన కూర్చున్న నర్సింహ బయటికి చూస్తూనే అన్నాడు.

"ఇనేటోళ్లే లేరు. పట్నంల నౌకర్లున్నయంటున్నరు. ఇగ కథ బంద్ చేద్దాం."

"బంద్ చేద్దాం" అంది కనకమ్మ.

ఆయన తల తిప్పి ఒక్కసారి ఆమెను చూశాడు. సరేనన్నట్టు తలాడించి మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. అంతే. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని కనకమ్మకు బస్సు దిగాక గానీ తెలియలేదు. ఇంటికెళ్లాక మళ్లీ అడగకపోతాడా, అప్పుడు వద్దని చెప్పలేనా అనుకుంది. ఆయన అడగలేదు. వారం తిరిగేసరికి తంబుర పాత చీరలో చుట్టుకుని మూటైపోయింది. నెల తిరిగేసరికి ఇద్దరూ బోరబండలో ఒక గది కిరాయికి తీసుకున్నారు.

అప్పటినుంచీ ఆయన ఆ సంగతి ఎత్తుతాడేమోనని ఆమె ఎదురుచూస్తూనే ఉంది. తానే ఎత్తవచ్చు కదా అని మీరడుగుతారు. ఆ ప్రశ్న ఆమె తనకు తానే వెయ్యిసార్లు వేసుకుంది. అందుకోవడం తప్ప ఎత్తుకోవడం ఆమె ఎప్పుడూ చేయలేదు. గొంతు దాకా వస్తుంది, ముందు ఎవరైనా ఒక చరణం పాడితే బాగుండునని అక్కడే ఆగిపోతుంది.

నర్సింహ ఇప్పుడు ఖాజాగూడ చెరువు దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీకి నైట్ డ్యూటీ వాచ్‌మన్. పొద్దున ఏడున్నరకు ఇంటికొస్తాడు. ఎనిమిదీ పదికి కనకమ్మ బయలుదేరాలి. ఆ నలభై నిమిషాల కాపురంలో ఒకరు తింటుంటే ఒకరు జడ వేసుకుంటారు. "అన్నం గిన్నెల ఉన్నది." "నీళ్లొచ్చినయా?" "గ్యాస్ అయిపోవచ్చింది." ఆ మాటలకు ఆమె వంత పాడుతూనే ఉంటుంది, కానీ వంతకు ఆనాల్సిన పాట అందులో లేదు.

బోరబండలో లోకల్ రైలెక్కితే హైటెక్ సిటీ ఒక్క స్టేషనే. ఆ ఒక్క స్టేషను దూరంలో, చుట్టూ లంచ్ బ్యాగులతో ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతుండగా, కనకమ్మకు రోజూ ఆయన గొంతు గుర్తొచ్చేది. చరణం చివర ఆయన ఆమె వైపు సగం తిరిగేవాడు, అందుకో అన్నట్టు. వెయ్యి మంది ముందు నిలబడ్డా ఆ క్షణంలో ఆయన చూసేది ఆమెనొక్కదాన్నే. అలా చూసి నాలుగేళ్లైంది. మొగుడు ఇంట్లోనే ఉన్నాడు, తాగడు, కొట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. అయినా ఆయన కోసం ఆమెకు బెంగగా ఉండేది. ఇంట్లో ఉన్న మొగుడి కోసం బెంగ అంటే నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు.

ఇలా ఉండగా ఒకరోజు ఆఫీసులో ఒక చిత్రం జరిగింది.

హెచ్‌ఆర్‌లో పనిచేసే కృష్ణప్రియ అనే అమ్మాయి ఖాళీ మీటింగ్ రూములో నిలబడి కాగితం చూస్తూ ప్రసంగం ప్రాక్టీసు చేసుకుంటోంది. కంపెనీ వార్షికోత్సవం శుక్రవారం. కనకమ్మ అదే గదిలో అద్దం గోడ తుడుస్తోంది.

"ఈ ఏడాది మనమందరం ఒకే కుటుంబంలా నిలబడ్డాం" అంది కృష్ణప్రియ.

"నిలబడ్డాం" అంది కనకమ్మ, గుడ్డ పిండుతూ.

"ఎన్నో కష్టాలను దాటి వచ్చాం."

"దాటి వచ్చాం... అయ్యో, ఎన్ని కష్టాలు!"

కృష్ణప్రియ కాగితం దించి చూసింది. కనకమ్మ నాలుక కరుచుకుంది. "తప్పైంది మేడం, ఊకనే వచ్చేసింది."

"అయ్యో, తప్పేం కాదండి. మళ్లీ అనరూ? మీరంటుంటే నాకు చదవడం తేలికైపోతోంది." భీమవరం నుంచి వచ్చి ఈ ఊళ్లో నాలుగేళ్లుగా ఉంటున్న ఆ పిల్లకు అన్నిట్లోనూ ఉత్సాహమే. పది నిమిషాల్లో వంత సంగతంతా రాబట్టేసింది. "అయితే శుక్రవారం మీరు పాడాల్సిందే. ఏడు నిమిషాలు మీవి."

"నేనా? నేను వంత మేడం. పాట ఆయనది."

"మీకు పాట రాదాండి?"

"మొత్తం వచ్చు. మొదలువెట్టుడు రాదు."

కృష్ణప్రియకు అది అర్థం కాలేదు. "అయితే ఆయన్నే తీసుకురండి!" అనేసి పేర్ల జాబితాలో రాసేసుకుంది. కనకమ్మ మాత్రం ఆ రోజంతా ఏ అంతస్తు తుడిచిందో ఏ అంతస్తు వదిలేసిందో ఆమెకే తెలియదు. నాలుగేళ్లుగా ఎవరైనా ముందు ఒక మాట ఎత్తితే బాగుండునని చూసింది కదా, ఎత్తడానికి భీమవరం నుంచి ఒక పిల్ల రావాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున నర్సింహ కంచం ముందు కూర్చోగానే చెప్పింది. చెప్పిందంటే, గోడకు చెప్పింది. "మా ఆఫీసుల ఫంక్షనట. మేడం అడుగుతున్నది, కథ చెప్తరా అని."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. నీళ్లు తాగాడు.

"ఎన్ని దినాలు?" అన్నాడు.

"ఏడు నిమిషాలు."

ఆయనకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాడు. "మూడు దినాల కథ. ఏడు నిమిషాలల్ల రాజు లేచి మొఖం గూడ కడుగడు."

"కడుగడు" అంది కనకమ్మ. తర్వాత భయం భయంగా ఆగింది. ఆయన వస్తాననలేదు, రాననలేదు. గురువారం సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. సజ్జ మీద మూట మాత్రం విప్పి ఉంది. తంబురకు కొత్త తీగె కట్టి ఉంది. కనకమ్మ గది మధ్యలో నిలబడి ఏడ్చింది. సంతోషానికో, దుఃఖానికో ఆమెను అడిగితే చెప్పలేదు. రేపు ఆయన పక్కన నిలబడబోతోంది, ఆనాడు బస్సులో తాను మనసుతో అనలేదని ఎలాగైనా చెప్పాలి, ఇంతే ఆమె తలలో ఉంది. చెబితే ఆయన మళ్లీ కథ పట్టుకుంటాడు. చెప్పకపోతే ఈ నలభై నిమిషాల కాపురమే చివరిదాకా.

గుమ్మెట ఇల్లు మారేటప్పుడే పగిలిపోయింది. ఆఫీసు పాంట్రీలోని ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్‌ను కనకమ్మ తట్టి చూసింది. పర్వాలేదు, పలికింది. కృష్ణప్రియ దానికి బంతిపూల దండ చుట్టించింది.

శుక్రవారం నాలుగు గంటలకు కింది హాల్లో మూడు వందల మంది మెడల్లో ఐడీ కార్డులతో కూర్చున్నారు. ముందు ఒక గ్రూపు డ్యాన్స్ అయింది, తర్వాత ఫ్యాషన్ షో ఉంది, మధ్యలో వీళ్లు. డ్యూటీ దిగి మూడు గంటలైనా పడుకోని నర్సింహ ఎర్ర తలపాగా కట్టుకుని, కళ్లు అంతకంటే ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. నాలుగేళ్లుగా కార్లకు ఈల ఊదడమే తప్ప ఆయన గొంతు విప్పలేదు. తంబుర మీటాడు.

"కరువు కాలం వచ్చెనో కుందారం కోటకూ..."

"కోటకూ..." అంది కనకమ్మ. క్యాన్ మీద ఆమె చేయి పడింది.

నాలుగేళ్ల ఎడబాటు ఒక్క పట్టులో తీరినట్టనిపించింది.

"చెరువులెండిపాయెనో, చేనులన్ని మాడెనో..."

"మాడెనో..."

మూడో చరణం దగ్గర ఆయన గొంతు పగిలింది. పై స్థాయికి వెళ్లబోయి జారి, దగ్గులో కలిసింది. కనకమ్మ "మాడెనో" అన్న మాటనే రెండుసార్లు తిప్పి ఆయనకు సమయమిచ్చింది. అది వంత పనే. ఆయన తేరుకుని కింది స్థాయిలో అందుకున్నాడు. కుందారం ఏలే వీరమరాజు, కోట విడిచి అడవికి పోదామని అనుకుంటాడు. రాణి నీలావతిని పిలుస్తాడు.

"కోట ఇడిసి పోదమని రాజు అడిగినాడో..."

"అడిగినాడో..."

"సరేనని నీలావతి రాణి తాను అనెనో..."

ఇక్కడ "అనెనో" అనాలి. వందలసార్లు అంది. కనకమ్మ చేయి క్యాన్ మీద ఆగిపోయింది.

వంత ప్రశ్నలు అడగవచ్చు. కానీ ఏ ప్రశ్న ఎక్కడ అడగాలో మల్లమ్మ ముందే నేర్పింది. ఈ జాగాలో ఏ ప్రశ్నా లేదు. మల్లమ్మకు దాని అవసరం ఎప్పుడూ రాలేదేమో.

"ఏమయ్యా కథకుడా" అంది కనకమ్మ. "రాణి సరే అన్నదంటివి. మనసుల ఉండి అన్నదా?"

జనం నవ్వారు. కథలో భాగమే అనుకున్నారు. నర్సింహ ఆమె వైపు తిరిగాడు. ఎన్నో ఊళ్లు చూసినవాడు, కథ మధ్యలో కరెంటు పోయినా ఆగినవాడు కాదు.

"మనసుల ఏమున్నదో మనకేమెర్క? నోటితోని అన్నది."

"నోటిదేమున్నది! ఇరవై రెండేండ్ల సంది రాజు ఏమంటె అదే అన్నది ఆ నోరు. ఆ మాట ఆమెదా, ఆయనదా?"

ఈసారి నవ్విన వాళ్లు తగ్గారు. నర్సింహ తంబుర మీద వేలు పెట్టి తీశాడు. ఏం పలికిందో ఆయనకే తెలియదు.

అడగాల్సింది ఇంకొక్కటే ఉంది. తెలియదని ఆయన అంటే చాలు, ఈ నాలుగేళ్లూ చెప్పాలనుకున్నదంతా చెప్పేస్తుంది.

"మరి రాజుకు ఆ సంగతి తెల్వదా?"

స్టేజీ పక్కన కృష్ణప్రియ గడియారం చూసుకుంది. నర్సింహ ఈ మాటను పాటలా పాడలేదు, మామూలుగా అన్నాడు.

"తెల్సు."

కనకమ్మ ఆయన వైపు పూర్తిగా తిరిగింది.

"రాణి ఏ మాట తిప్పి అంటదో రాజుకు బాగ తెల్సు. అందుకే ఆ మాట తెచ్చి ఆఖరుకు పెట్టిండు. ఉందమా పోదమా అని మంచిగ అడుగచ్చు గద? అడుగలే. అడిగితే ఉందమంటది. ఉండే బలం రాజుకు లేకపాయె. అప్పటికే ఆయన గొంతు పోయింది. పై పట్టు అందుతలేదు. ఎవ్వరికి చెప్పలే, పెండ్లానికి గూడ చెప్పలే. ఓడిపోయిన్నని తన నోటితోని అనలేక రాణి నోటితోని అనిపించిండు."

గొంతు పోయిన రాజును గురించి ఏ కథలోనూ ఎవరూ వినలేదు. కానీ ముందు కూర్చున్న మూడు వందల మందికి ఆ కథ తెలియదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యమంతా కనకమ్మ ఒక్కతే పడింది. ముందు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, క్యాన్ ఎత్తి ఆయన తలపాగా మీద వేయాలన్నంత. నాలుగేళ్లు తన నోరే కొంప ముంచిందని కుమిలిపోయింది. ఆ కొంప ముంచిన మాటను ఏరి, తెచ్చి, ఆమె నాలుక మీద పెట్టినవాడు రోజూ ఎదుటే కూర్చుని అన్నం తిన్నాడు. ఆ వెనకే, పగిలిన గొంతును ఇంట్లో దాచుకుని ఈల పట్టుకుని తిరిగిన మనిషి కనిపించాడు. కోపం పోలేదు గానీ, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది.

నర్సింహ ఆమె వైపు సగం తిరిగి చూస్తున్నాడు. "అనిపించిండు" అన్న మాట ఇద్దరి మధ్యా ఉంది. అందుకోవాలి. ఆమె పెదవులు కదిలాయి కూడా. కనకమ్మ నోరు మూసుకుంది. జీవితంలో మొదటిసారి ఒక మాటను కింద పడనిచ్చింది.

కృష్ణప్రియ ఒక వేలెత్తి చూపించింది, ఇంకొక్క నిమిషం అని.

"గట్ల కాదు" అంది కనకమ్మ.

ఆ తర్వాత ఆమె చేసింది మల్లమ్మ చూస్తే చెవి మెలిపెట్టేది. క్యాన్ మీద దెబ్బ వేసి, తన స్థాయిలో, ఆయన కంటే బాగా కింద, తానే చరణం ఎత్తుకుంది.

"కోట తలుపుకు రాణి అడ్డమే నిలిచెనో..."

చరణం అయిపోయింది. ఎవరూ అందుకోలేదు. అందుకునే మనిషి ఆమే కదా, ఆమె ఇటు వచ్చేసింది. ముందు పాడేవాళ్లకు ఆ ఖాళీ ఎంత లోతుగా ఉంటుందో కనకమ్మకు అప్పుడు తెలిసింది. కాళ్ల కింద స్టేజీ లేనట్టుంది. ఇరవై రెండేళ్లు ఈయన ప్రతి చరణం చివరా ఇక్కడే నిలబడ్డాడు, తాను పట్టుకుంటుందన్న నమ్మకంతో.

"నిలిచెనో..."

పక్కనుంచి వచ్చింది. సన్నగా, బొంగురుగా, ఒక అడుగు ఆలస్యంగా. నర్సింహ ఎన్నడూ వంత పాడలేదు. స్థాయి తప్పాడు, సాగదీయాల్సిన చోట తెంచేశాడు. ఇంతకంటే అధ్వాన్నమైన వంత కనకమ్మ ఎక్కడా వినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మల్లేమైంది?" అన్నాడు నర్సింహ. మరీ మెల్లగా, మైకుకు కూడా అందకుండా. "చెప్పు. రాణి ఏమన్నది?"

కృష్ణప్రియ ఎత్తిన వేలు దించేసుకుంది. ఫ్యాషన్ షో పిల్లలు తెర పక్కన వరుసగా నిలబడి ఎదురుచూస్తున్నారు. ఆ రాణి ఏమందో ఏ కథలోనూ లేదు, కనకమ్మకు ఎవరూ నేర్పలేదు. ఆమె క్యాన్ మీద చేయి వేసి, ఊపిరి తీసుకుని, రెండో చరణం మొదలుపెట్టింది.